పాటీ మీద కూర్చున్న చిన్న యజమాని

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే గుమ్మం దగ్గర నిలబడ్డాయి. ఆ గుమ్మం టాయిలెట్‌ది. ఒక తల్లి, ఒక నాయనమ్మ, ఒక భర్త రాశారు. ముగ్గురి ఉత్తరాల్లోనూ మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ నీడ ఉంది, నాయనమ్మకు ఆ పేరు తెలియకపోయినా. భోజనం చేస్తూ పత్రిక చదివే అలవాటున్నవారు ఈ పేజీని కాసేపు పక్కన పెట్టుకోవచ్చు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు రెండేళ్ల పది నెలలు. ఒకటికి చక్కగా పాటీ మీద కూర్చుంటుంది. రెండుకి మాత్రం ససేమిరా అంటుంది. డైపర్ తనే తెచ్చి ఇచ్చి, వేయించుకుని, కర్టెన్ వెనక్కి వెళ్లి నిలబడుతుంది. ఇంత పెద్ద పిల్లకు ఇంకా డైపర్ ఏమిటని నెల క్రితం వాటిని దాచేశాను. అప్పటి నుంచి మూడు రోజులకో నాలుగు రోజులకో ఒకసారి వెళుతోంది. మొన్న గంటసేపు పాటీ మీద కూర్చోబెట్టాను. ఫలితం లేదు. లేచిన రెండు నిమిషాలకే గౌను పాడుచేసుకుంది. కోపం ఆపుకోలేక ఒక దెబ్బ వేశాను. ఈ విషయంలో కఠినంగా ఉంటే పిల్లలు పెద్దయ్యాక పిసినారులుగా, మొండివాళ్లుగా తయారవుతారని ఫ్రాయిడ్ చెప్పాడని ఆ రాత్రే ఫోనులో చదివాను. నాలుగు నెలల కిందట బాబు పుట్టాడు, పాప మీద శ్రద్ధ తగ్గిన మాట నిజమే. దాని జీవితాన్ని నా చేతులతో నేనే పాడుచేశానా?
– పేరు వద్దు

జవాబు: లేదమ్మా. ఆ ఒక్క దెబ్బకు మీ పాప ముప్ఫయ్యేళ్ల తర్వాత పిసినారి అయిపోదు. కొట్టకుండా ఉండాల్సింది. అది మీకూ తెలుసు కనుకే దాచకుండా రాశారు. ఫ్రాయిడ్‌ను కాసేపు గది బయట కూర్చోబెట్టి ముందు పాప పొట్ట సంగతి చూద్దాం.

డైపర్ లేని రోజుల్లో పాపను దూరం నుంచి గమనించండి. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. మునివేళ్ల మీదికి లేస్తుంది. కాళ్లు కత్తెరలా మెలిపెట్టి పిరుదులు బిగిస్తుంది. కర్టెన్ అంచు పిడికిట్లో నలుగుతుంది. ముఖం ఎర్రబడుతుంది. చూసేవాళ్లు ‘పాపం, ముక్కుతోంది’ అనుకుంటారు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అలాగే చెబుతారు. నిజానికి పాప ముక్కడం లేదు, ఉన్న బలమంతా పెట్టి ఆపుకుంటోంది. మలద్వారం దగ్గర రెండు కండరాల కట్లు ఉంటాయి. లోపలిది మన చెప్పుచేతల్లో ఉండదు. బయటిది ఉంటుంది. ఏడాదిన్నర, రెండేళ్ల వయసు మధ్య పిల్లలకు ఆ బయటి కండరం మీద పట్టు చిక్కుతుంది. మనం వదలడం నేర్పాలని చూస్తాం, వాళ్లు బిగబట్టడం కూడా నేర్చేసుకుంటారు.

ఎప్పుడో ఒకసారి గట్టిపడిన మలం నొప్పి పెట్టి ఉంటుంది. ఆ భయంతో తర్వాతిసారి ఆపుకుంటుంది. ఆపుకున్నకొద్దీ పేగు అందులోని నీటిని పీల్చేసుకుంటుంది, మలం ఇంకా గట్టిపడుతుంది, నొప్పి పెరుగుతుంది. ఇలా కొన్ని వారాలు సాగితే పేగు చివరి భాగం సాగిపోయి, వస్తోందన్న కబురు కూడా పాపకు సరిగా అందదు. గట్టి ముద్ద పక్కనుంచి పలుచగా కొంచెం కారుతుంది. మీరు దెబ్బ వేసిన రోజు జరిగింది అదే కావచ్చు. అలా కారడం పాప చేతిలో లేదు. అందుకని ఈ వారంలోనే పిల్లల వైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి. మలాన్ని మెత్తబరిచే మందు ఇస్తారు. రెండు రోజులు బాగుందని మీ అంతట మీరు ఆపేయకండి, ఒక్కోసారి నెలల తరబడి వాడాల్సి వస్తుంది. ఇంట్లో సొంతంగా ఎనిమాలు, సబ్బు ముక్కలు ప్రయోగించవద్దు. పొట్ట ఉబ్బినా, వాంతులైనా, మలంలో రక్తం కనిపించినా ఆ రోజే చూపించాలి.

తర్వాత, దాచిన డైపర్లు బయటికి తీయండి. అత్తగారు, పక్కింటివారు ఏమన్నా సరే తీయండి. ఒకటికి పాటీ, రెండుకి డైపర్ అనే పేచీ మీ పాప ఒక్కదానిదే కాదు. టాబ్‌మన్ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు 482 మంది పిల్లలను గమనించి 1997లో ఒక వ్యాసం ప్రచురించాడు. వారిలో 106 మంది కనీసం ఒక నెలపాటు ఇదే పేచీ పెట్టారు, అంటే ఐదుగురిలో ఒకరికి పైగా. తమ తర్వాత పుట్టిన తమ్ముడో చెల్లెలో ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపించింది. మీ నాలుగు నెలల బాబు గుర్తొచ్చాడా? వాడికి రోజంతా డైపర్ వేస్తూ, మారుస్తూ, ఆ సమయంలో వాడితో ఊసులాడుతూ ఉంటారు కదా. పాప కర్టెన్ వెనకనుంచి అదంతా చూస్తూనే ఉంటుంది.

ఇక ఫ్రాయిడ్‌ను లోపలికి పిలుద్దాం. సుమారు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా సాగే కాలాన్ని మనోవిశ్లేషకులు ఆసన దశ అన్నారు (ఆసనం అంటే ఇక్కడ మలద్వారం). ఈ వయసులో శిశువు సుఖం, శ్రద్ధ, పంతం అన్నీ మలం వదలడం, ఆపుకోవడం చుట్టూ తిరుగుతాయని వారి మాట. 1917లో రాసిన ఒక వ్యాసంలో ఫ్రాయిడ్ మలాన్ని శిశువు ఇచ్చే తొలి కానుక అన్నాడు. అది తన ఒంట్లో భాగం. తనకు ఇష్టమైనవాళ్లు బతిమాలితే ఇస్తుంది, లేదా తన మాట నెగ్గించుకోవడానికి దాచుకుంటుంది. చదవగానే నవ్వొస్తుంది. నాకూ వచ్చింది, మా అబ్బాయి పుట్టేదాకా.

వాడికి రెండున్నరేళ్లప్పుడు మొదటిసారి పాటీలో వెళ్లాడు. నేను చప్పట్లు కొట్టాను. వాళ్ల నాన్నను పిలిచాను. తాతయ్యకు ఫోను చేశాను. వాడు పాటీ పక్కనే నిలబడి, వంగి, తను చేసిన పనిని చూసుకుంటున్నాడు. ఆ ముఖంలోని గొప్ప ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. మరుక్షణం నేను దాన్ని టాయిలెట్‌లో కుమ్మరించి ఫ్లష్ నొక్కాను. నీళ్లు గుడగుడమంటూ సుడి తిరిగాయి. వాడు ‘నాది!’ అని అరిచి, అంచు పట్టుకుని లోపలికి చూస్తూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ తర్వాత రెండు వారాలు పాటీ వంక చూడలేదు. అంతకు రెండు రోజుల ముందే నేను విద్యార్థులకు ఆ 1917 వ్యాసం గురించి పాఠం చెప్పి వచ్చాను! ఇంత సంబరంగా అందుకున్న కానుకను ఎవరైనా కాలవలో పారేస్తారా?

పిల్లవాడికి ఆ క్షణం ఎలా ఉంటుందో ఫ్రాయిడ్ పట్టుకున్నాడు, అక్కడ ఆయనకు నేను దణ్ణం పెడతాను. ఆ క్షణాన్ని బట్టి నలభయ్యో ఏట ఆ మనిషి ఎలా ఉంటాడో చెప్పే జోస్యం దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. ఆ జోస్యాన్ని చాలామంది పరీక్షకు పెట్టారు. అమెరికాలో విలియం సెవెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 162 మంది రైతు కుటుంబాల పిల్లలను తీసుకుని, పాలు మాన్పించిన తీరు నుంచి మలమూత్రాల శిక్షణ దాకా అన్నీ వారి వ్యక్తిత్వంతో పోల్చి చూసి 1952లో ప్రచురించాడు. చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. 1957లో సియర్స్, మకోబీ, లెవిన్ అనే ముగ్గురు పరిశోధకులు 379 మంది తల్లులతో మాట్లాడి రాసిన పుస్తకం మీకు ఇంకా దగ్గరిది. కఠినంగా శిక్షణ ఇచ్చినచోట పిల్లలు ఎక్కువగా కలత చెందారు. కాని ఆ కఠినత్వం ఆప్యాయత ఉన్న తల్లి నుంచి వచ్చిందా, ముభావంగా ఉండే తల్లి నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి ఫలితం బాగా మారింది. ఆప్యాయత కరువైన ఇళ్లలోనే అది గట్టిగా తగిలింది. దెబ్బ వేసి రాత్రంతా నిద్రపోకుండా చదువుతూ కూర్చున్న మీరు ఏ రకమో నేను వేరే చెప్పాలా?

ఎరిక్ ఎరిక్సన్ అనే మనోవిశ్లేషకుడు 1950లో ఈ దశను పాటీ మీదనుంచి దించి ఇల్లంతా నడిపించాడు. ఆయన దృష్టిలో అసలు పాఠం పట్టుకోవడం, వదలడం. బొమ్మను గట్టిగా హత్తుకోవడం, విసిరేయడం, ‘నేనే వేసుకుంటా’ అని చెప్పు ఎడమది కుడికి తొడుక్కోవడం, ‘వద్దు’ అనడం, అన్నీ ఆ ఒక్క పాఠంలోవే. పిల్ల తన మీద తను పట్టు సాధిస్తే స్వయంప్రతిపత్తి వస్తుంది. ప్రతిసారీ పెద్దవాళ్లే గెలిస్తే సిగ్గు, సందేహం మిగులుతాయి. బాబు వచ్చాక మీ పాప చేతిలోంచి చాలా జారిపోయాయి: మీ ఒడి, మీ పక్కలో చోటు, మీ తీరిక. ఎవరూ లాక్కోలేనిది ఒక్కటే మిగిలింది. దాన్ని అది కర్టెన్ వెనక దాచుకుంటోంది.

కాబట్టి పంతానికి పంతం వద్దు. మందుతో మలం మెత్తబడి, నొప్పి లేకుండా కొన్ని వారాలు గడిచాక, డైపర్ వేసుకోవచ్చుగాని టాయిలెట్ గదిలోనే వెళ్లాలని చెప్పండి. అది అలవాటయ్యాక డైపర్‌తోనే పాటీ మీద కూర్చోనివ్వండి. తర్వాత డైపర్ పట్టీలు వదులు చేయండి. ఒక మెట్టు మీద ఎన్నాళ్లు ఆగాలో పాపే తేల్చుకుంటుంది. తిన్న ఇరవై నిమిషాలకో అరగంటకో పేగులు సహజంగానే కదులుతాయి, కూర్చోబెడితే అప్పుడే కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు చాలు. గంట కూర్చోబెడితే అది శిక్షే. పాదాలు గాలిలో వేలాడకుండా కింద పీట వేయండి, కాళ్లకు ఆనుడు లేకపోతే వదలడం కష్టం. ఫ్లష్ నొక్కాలా వద్దా అని పాపను అడగండి. వద్దంటే పాప గదిలోంచి వెళ్లిపోయాక నొక్కండి.

ఒక మాట మాత్రం ఇంటిల్లిపాదీ మానేయాలి: ‘ఛీ’. మలాన్ని ఛీ, కంపు అనకుండా, డైపర్‌లో వెళ్లినా సరే మెచ్చుకోమని తల్లిదండ్రులకు ముందే చెప్పి టాబ్‌మన్ బృందం మరో అధ్యయనం చేసింది. పేచీ పెట్టే పిల్లల సంఖ్య తగ్గలేదుగాని, పేచీ సాగే కాలం తగ్గింది. రెండేళ్ల పిల్లకు తనకూ తన ఒంట్లోంచి వచ్చినదానికీ తేడా అంతగా తెలియదు. దాన్ని ఛీ అంటే తననే అన్నట్టు వినిపిస్తుంది.

దెబ్బ గురించి పాపతో ఒక్కసారి చెప్పండి: ‘ఆ రోజు అమ్మ కొట్టింది, అది అమ్మ తప్పు.’ అంతటితో ఆపేయండి. రోజూ చెప్పి ఏడవకండి.

ప్రశ్న: అమ్మా, నా ముగ్గురు పిల్లలకూ ఏడాది నిండేసరికే అన్నీ అలవాటయ్యాయి. మనవడికి రెండున్నరేళ్లు వచ్చినా ‘వాడే సిద్ధమవుతాడు అత్తయ్యా, ఇప్పుడు బలవంతపెడితే మనసులో ముద్ర పడిపోతుంది’ అంటుంది కోడలు. నా పిల్లల మనసుల్లో ఏ ముద్రలూ పడలేదే! ఎవరి మాట సరైనది?
– ఒక నాయనమ్మ

జవాబు: పెద్దవారు, ఏమీ అనుకోకండి. ఏడాదికల్లా అలవాటైంది పిల్లలకు కాదు, మీకు. వాళ్ల ముఖం చూసి, నిద్ర లేచిన వేళ చూసి, సమయానికి తీసుకెళ్లి కూర్చోబెట్టే నేర్పు మీది. అది తక్కువ విద్య కాదు, అందువల్ల పిల్లలకు చెడూ జరగదు. కాని పిల్లవాడు తనంతట తను చెప్పి, తనంతట తను వెళ్లి కూర్చోవడానికి నరాలు పండాలి. మిర్టిల్ మెక్‌గ్రా అనే శాస్త్రవేత్త కవల పిల్లల్లో ఒకరిని పసినాటి నుంచే గంటగంటకూ పాటీ మీద కూర్చోబెట్టింది. రెండోవారిని చాలాకాలం అలాగే వదిలేసి రెండేళ్ల ప్రాంతంలో మొదలుపెట్టింది. రెండోవారు వెంటనే మొదటివారిని అందుకున్నారు. 1940లో ఆమె ఈ సంగతి ప్రచురించింది. జ్యూరిచ్‌లో రెండు తరాల పిల్లలను పోల్చినప్పుడూ అదే తేలింది: పాత తరానికి చాలా ముందే మొదలుపెట్టినా, పట్టు చిక్కిన వయసు ఇంచుమించు ఒకటే.

కోడలు చెప్పిన ముద్ర మాటకు వెనక పెద్ద కథే ఉంది. 1930ల ప్రాంతంలో అమెరికా ప్రభుత్వం తల్లుల కోసం ముద్రించిన చిన్న పుస్తకాల్లో నెలల వయసులోనే గడియారం చూసి శిక్షణ మొదలుపెట్టమని ఉండేది. మనోవిశ్లేషకుల ఆలోచనలు జనంలోకి పాకాక గాలి ఎదురు తిరిగింది. 1962లో బ్రేజల్టన్ అనే పిల్లల వైద్యుడు పిల్లవాడి సంసిద్ధతను బట్టి నడిచే పద్ధతిని 1,170 మంది పిల్లల అనుభవంతో ప్రచురించాడు. వారికి పగటిపూట పట్టు సగటున 28.5 నెలలకు చిక్కింది. మీ మనవడు ఆ సగటు దాటి ఎంతో దూరం పోలేదు. అయితే ‘సిద్ధమైనప్పుడు’ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని కోడలికి చెప్పండి. పాటీని గదిలో పెట్టడం, బట్టలతోనే కూర్చోనివ్వడం, తడిసిందని వాడికి తెలిసేలా చేయడం, ఇవన్నీ ఇప్పుడు చేయాల్సినవే. నేను చెప్పానని అనండి. మీరు చెప్పారంటే వేరే గొడవ అవుతుంది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 41. (1) తువ్వాళ్లు అంచుకు అంచు కలిపి మడత పెడతాను. (2) పదకొండేళ్ల రసీదులు ఏడాది వారీగా ఫైళ్లలో భద్రపరిచాను. (3) ఒకసారి కాదంటే మళ్లీ ఔనను. నా భార్య ఏదో చదివి, ‘మీది ఆసన వ్యక్తిత్వం. చిన్నప్పుడు మీ అమ్మగారు పాటీ దగ్గర మిమ్మల్ని హింసించి ఉంటారు’ అంటోంది. మా అమ్మ అలాంటి మనిషి కాదు. (అ) దీనికి ఆధారం ఉందా? (ఆ) నాకు చికిత్స అవసరమా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు వేసిన అంకెలే మిమ్మల్ని పట్టిచ్చాయి. 1908లో ఫ్రాయిడ్ ‘స్వభావమూ ఆసన సుఖమూ’ అన్న అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులో ఆయన చెప్పిన మూడు గుణాలు పొందిక, పొదుపు, మొండితనం. మీ (1), (2), (3) అదే వరసలో ఉన్నాయి. మీ భార్య చదివింది తప్పు కాదు.

తప్పు మీ అమ్మగారిని లాగడంలో ఉంది. ఆ వ్యాసంలో ఫ్రాయిడ్ తల్లులను నిందించలేదు. కొందరికి పుట్టుకతోనే ఆ భాగపు సుఖం మీద ఆసక్తి ఎక్కువని, పెద్దయ్యేకొద్దీ ఆ ఆసక్తి మరుగునపడి ఈ గుణాలుగా రూపు మారుతుందని అన్నాడు. అశుభ్రత మీది మోజుకు ఎదురుతిరగడమే అతి శుభ్రత అని ఆయన భావన. దానిమీద ఆయన అనుచరులు, 1918లో ఎర్నెస్ట్ జోన్స్, 1921లో కార్ల్ అబ్రహాం, పెద్ద వ్యాసాలు రాశారు. శిక్షణ ఎప్పుడిచ్చారు, ఎంత కఠినంగా ఇచ్చారు అన్న ప్రశ్న పోనుపోను ముందుకొచ్చి, చివరికి జనం నోట్లో ‘కఠినమైన తల్లి, పిసినారి కొడుకు’ అన్న సామెతగా మిగిలింది. 1924లో అబ్రహాం ఈ దశను బయటికి తోసే భాగం, లోపల దాచుకునే భాగం అని రెండుగా చీల్చాడు. దాంతో పొందికగా ఉండేవాడూ, చిందరవందరగా ఉండేవాడూ ఒకే పాటీ నుంచి దిగినట్టయింది. అన్నింటికీ సరిపోయే సమాధానమంటే నాకు అనుమానం.

అందమైన ఊహలకు మాత్రం వీరి దగ్గర కొరత లేదు. ఫెరెన్సీ అనే మరో మనోవిశ్లేషకుడు 1914లో డబ్బు మీద మోజు ఎలా పుడుతుందో మెట్లు కట్టి చూపించాడు. పిల్లవాడు మొదట మలంతో ఆడుకోబోతాడు, అది కూడదంటారు. వాసన లేని బురదకు మారతాడు. తడి లేని ఇసుకకు మారతాడు. తర్వాత గులకరాళ్లు, గోళీలు పోగేస్తాడు. ఆఖరికి మెరిసే నాణేలు! మీ రసీదుల ఫైళ్లు చూసి ఉంటే ఆయన ఇంకో మెట్టు కట్టేవాడు.

ఇక మీ (అ). హల్లా బెలాఫ్ 1957లోను, హెథరింగ్టన్, బ్రాక్‌బిల్ అనే ఇద్దరు పరిశోధకులు 1963లోను దీన్ని పరీక్షించారు. ఈ గుణాలు నిజంగానే చాలావరకు గుంపుగా ఒకే మనిషిలో కనిపిస్తాయి. ఆ గుంపును గుర్తించడంలో ఫ్రాయిడ్ కంటిచూపు గట్టిదే. కాని టాయిలెట్ శిక్షణకూ వాటికీ సంబంధం దొరకలేదు. తల్లిదండ్రుల్లో ఉన్న అవే గుణాలతో మాత్రం సంబంధం కనిపించింది. ఈసారి మీ అమ్మగారి అల్మారా తలుపు ఒకసారి తెరిచి చూడండి. తువ్వాళ్లు ఎలా మడత పెట్టి ఉన్నాయో నాకు రాయండి.

(ఆ) మడత చెదిరితే నిద్ర పట్టకపోయినా, సరిచూసుకోవడంలోనే గంటలు గడిచిపోతున్నా, మీ పద్ధతుల వల్ల ఇంట్లో ఎవరైనా భయపడుతూ బతుకుతున్నా వచ్చి కలవండి. లేకపోతే అవసరం లేదు. మీ ఉత్తరానికి నకలు మీ దగ్గర ఉండే ఉంటుంది. ఈ జవాబుతో కలిపి దాన్ని ఏ ఫైలులో పెట్టాలో ఈసారికి మీ భార్యను చెప్పనివ్వండి.